పన్నెండో గుంట

బాదం పిండిలో గుడ్లు కొట్టిపోసి, పాలకూర తరుగు, చీజ్ కోరు, వాము, మిరియాల పొడి కలిపి, సూర్యప్రభ మఫిన్ల ట్రేలో గరిటెతో సమంగా వేసింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. పన్నెండు గుంటలూ నిండాయి. మొగుడు శశిధర్‌కి షుగరని తేలిన దగ్గర్నుంచీ ఇంట్లో బియ్యం, గోధుమా బంద్. "నీ ఒక్కదానికోసం వేరే వంటేంటి, దండగ" అన్నాడాయన. కాబట్టి ఆయనకి మఫిన్లు, ఆవిడకి మిగిలితే మఫిన్లు.

నెల రోజులుగా పన్నెండు పెడితే పదకొండే తేలుతున్నాయి. "ఏం ప్రభా, పొయ్యి దగ్గరే లాగించేస్తున్నావా?" అని మొదట్లో నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. రాజోలు నుంచి అత్తగారు నరసాయమ్మ వీడియోలో మొహం చిట్లించింది. "బహ్రెయిన్ వెళ్ళినంత మాత్రాన పద్ధతి మారుతుందా? మగాడు తినకుండా వండినావిడ నోట్లో పెట్టుకుంటే ఎంగిలి కాదటమ్మా? మా ఇంట్లో ఉప్పు కూడా వాసనతోనే చెప్పాలి." పద్దెనిమిదేళ్ళుగా సూర్యప్రభ అలాగే వండుతోంది. ఉప్పు సరిపోయిందో లేదో మొగుడి మొహంలో చూసి తెలుసుకుంటోంది.

ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలనుకుంది. వాళ్ళుండే గలాలీ పేట మీద దుమ్ము లేచి, మిట్టమధ్యాహ్నమే కిటికీలు పచ్చగా మసకబారాయి. తలుపు గడియ వేసి, ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చుంది. అద్దంలోంచి చూస్తే పన్నెండూ పొంగుతున్నాయి. ఆ అద్దంలోనే తన మొహమూ కనబడుతోంది. రెప్ప వెయ్యలేదు. ఓవెన్ గంట మోగింది. అద్దంలోని ఆడమనిషి మూతి తుడుచుకుంది.

తన చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

ఓవెన్ తెరిచింది. పదకొండే. పన్నెండో గుంటలో మఫిన్ కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది, చిన్నప్పుడు తను దొంగచాటుగా తిన్న మిఠాయి కాగితాలు మడిచినట్టే. భయమేసింది. అంతకంటే ముందే నాలుక మీద వాము ఘాటూ, కరిగిన చీజూ తెలిశాయి. ఉప్పు చిటికెడు తక్కువ. ఒకరి మొహం చూడకుండా తనకి తెలిసిన మొదటి ఉప్పు అది.

శశిధర్ వస్తూనే ట్రేలోకి చూశాడు. "మళ్ళీ పదకొండేనా? ఎవరు తింటున్నారు ప్రభా?"

"ఆకలేసినావిడ."

"ఎవరా ఆవిడ?"

సూర్యప్రభ బల్ల మీద ఎదురెదురుగా రెండు కంచాలు పెట్టి, ఒకదాని ముందు కూర్చుంది. వేడివేడి మఫిన్ తుంచి, ఉప్పు జల్లుకుని నోట్లో పెట్టుకుంది. ఆయన రెండో కుర్చీ లాగబోయాడు. ఎవరో కూర్చున్నంత బరువుగా ఉంది, కదల్లేదు.

"అది మీకు కాదండీ," అంది నములుతూ. "మా ఇద్దరిదీ అయ్యాక పిలుస్తాను."