మీ వంతు పోలేదు

ఏడో పేరు దగ్గర బాలసుందరం పెన్ను ఆగింది. మిగతా పదకొండు పేర్లకూ టిక్కు పడింది. మారెప్ప, ఇండూరు, ఉదయం ఆరు గంటల వంతు. ఈ రోజు మంగళవారం. గడియారంలో ఏడున్నర దాటింది. శనివారం కూడా ఆయన రాలేదు. డయాలిసిస్ మనిషి ఒక వంతు తప్పితే ఒళ్లంతా నీరు పడుతుంది. రెండోదీ తప్పితే ఏమవుతుందో ఆస్పత్రి కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకు కూడా తెలుసు.

మారెప్ప మేనల్లుడు యువరాజ్‌కు ఫోన్ చేశాడు.

"శుక్రవారం నా ఫోన్లో ఆస్పత్రి సైటులో వంతు ఖాయం చెయ్యబోతే ఎర్రగా ఏమో వచ్చింది సార్, ఇంగ్లీషులో. మామ చూసి, ఆస్పత్రోళ్లు నా పేరు కొట్టేసినారు, పోయి నిలబడి మానం పోగొట్టుకోలేను అన్నాడు. ఎంత చెప్పినా కదల్లేదు."

"ఎవురూ కొట్టెయ్యలేదప్పా! ఇప్పుడే ఆటోలో పిల్చుకరా."

"నేను హోసూరులో డ్యూటీలో ఉండాను సార్. నంజమ్మత్తకు చెప్తాను."

ఫోన్ పెట్టేసి బాలసుందరం అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ ఎర్ర పేజీకి ఏడాది కిందట సరే అన్నది తనే. వెబ్‌సైటు చేసిన శాలిని తెర చూపించి, చాలునా అని అడిగింది. అతను ఇంగ్లీషు టైపింగ్ హయ్యర్ పాసైనవాడు. కొట్టి కొట్టి చిటికెన వేళ్లు బయటికి వంగిపోయాయి. ఏ ఇంగ్లీషు కాగితమిచ్చినా ఒక్క తప్పు లేకుండా కొడతాడు. అర్థమయ్యేది సగమే. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి భార్య పంచవర్ణానికి కూడా తెలియనివ్వలేదు. ఆ రోజూ తలూపాడు.

పది గంటలకు శాలిని మేడమీదినుంచి దిగింది. పాపిరెడ్డిపట్టి పిల్ల, చెవిలో ఎప్పుడూ ఇయర్‌ఫోను.

"సాయంత్రం నాలుగు లోపల ఆ పేజీ మార్చాలమ్మా." వారానికి రెండుసార్లు నాలుగింటికి వంతులు తెరుస్తారు. అందరూ ఒక్కసారే నొక్కుతారు, సైటు పడిపోతుంది. అప్పుడే ఆ పేజీ వస్తుంది.

అతను మారెప్ప సంగతి చెప్పాడు. తర్వాత అన్నాడు: "ఆ దినం నాకు అర్థం కాలేదమ్మా. అయినట్టు తలూపినాను."

ఆమె ఇయర్‌ఫోను తీసింది. "అది నేను రాసింది కూడా కాదన్నా. సైటు పడితే దానంతట అదే వచ్చేది. అడిగేవాళ్లు లేరని వదిలేసినాను."

పదకొండున్నరకు ఆటో వచ్చింది. బాలసుందరం బయటికి పరుగెత్తాడు. మారెప్ప కాళ్లు మెరిసేంతగా ఉబ్బాయి. ఊపిరి గొంతులోనే గురగురలాడుతోంది. చక్రాల కుర్చీలో కూర్చోబెడుతుంటే బాలసుందరం చొక్కా పట్టుకున్నాడు.

"నా పేరు ఉండాదా సారూ?"

"ఉండాది. పోలేదు."

కుర్చీ లోపలికి వెళ్లింది. బాలసుందరం కిటికీకి తిరిగొచ్చాడు గాని, టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు.

"భయపడినోళ్లు కిటికీ దగ్గరికి వస్తే మొదట ఏం చెప్తావన్నా?" అంది శాలిని.

"కూర్చో అంటాను."

"సెల్‌ఫోన్లో కూర్చో అని రాసేదా?" నవ్వబోయి, లోపలి తలుపు వైపు చూసి మానేసింది.

ఎరుపు తీసేశారు. అక్షరాలు పెద్దవి చేశారు. కిటికీ ఫోన్ నంబరు పెట్టారు. ఆ చుట్టుపక్కల అందరూ బడిలో చదివేది తమిళమే కాబట్టి తమిళంలో నాలుగు ముక్కలు: మీ తప్పేమీ లేదు. మీ పేరు తీసెయ్యలేదు. మీ వంతు పోలేదు. నెట్ పనిచెయ్యకపోయినా మీ రోజుకు వచ్చేయండి. తెలుగు ఇళ్లలో చదవలేని ముసలివాళ్ల కోసం, నొక్కితే అవే మాటలు తెలుగులో వినిపించే బొమ్మ ఒకటి. గొంతు బాలసుందరానిదే. మొదటిసారి దగ్గొచ్చింది.

"రెండోది బస్టాండులో బస్సు బయల్దేరతా ఉందని మైకులో చెప్పినట్టు ఉండాదన్నా. మనిషితో మాట్లాడినట్టు చెప్పు."

మూడోసారి అతను మారెప్ప ముఖాన్ని తలుచుకుని చెప్పాడు.

మూడింటికి మేనేజరు దినకరన్ చదివి పెదవి విరిచాడు. "ఇట్ల రాస్తే ఖాయం చెయ్యనివాళ్లంతా వచ్చి నిలబడతారు. ఉండేది పన్నెండు మంచాలు. అసౌకర్యానికి చింతిస్తున్నామని పెట్టండి, చాలు."

"వస్తే సర్దుకుంటాము సార్. రాకపోతే ఏమి చేసేది?"

ముప్పై ఏళ్లలో అతను ఎదురుమాట చెప్పడం అదే మొదలు.

"గొడవైతే నువ్వే జవాబు చెప్పాల."

"నేనే సార్."

నాలుగూ రెండు నిమిషాలకు సైటు పడింది. కొత్త పేజీ వచ్చింది. వెంటనే ఫోను మోగింది.

"మా పేరు ఉండాదని నీ గొంతే కదా చెప్పింది? నిజమేనా?" ఎవరో ముసలామె.

"నిజమేనమ్మా. మీ రోజుకు వచ్చేయండి."

తొమ్మిది ఫోన్లు వచ్చాయి. తొమ్మిదింటికీ అదే చెప్పాడు. ఒక్కో ఫోనుకూ లోపలి తలుపు వైపు చూస్తూనే ఉన్నాడు.

ఐదున్నరకు ఆ తలుపు తీసుకుని నంజమ్మ వచ్చింది. కిటికీ ముందు బెంచీమీద కూర్చుంది. ఏడవలేదు. చెంగుతో మెడ తుడుచుకుంది.

"సాయంత్రం దాకా చూసినారు, మిషను తగిలించే స్థితికి రాకనే పోయినాడు సారూ. బండి వస్తా ఉండాది. ఆయన పేరు ఇప్పుడు తీసెయ్యండి. ఆ వంతు ఇంకెవరికన్నా ఐతాది."

బాలసుందరం ఏదో అనబోయాడు. తప్పు తనదని చెప్పాలనుకున్నాడు. గేటు దగ్గర బండి హారను మోగింది. ఆమె లేచి వెళ్లిపోయింది.

అతను లోపలినుంచి చుట్టూ తిరిగి వచ్చేసరికి బండి రోడ్డెక్కేసింది. బెంచీమీద, మిషను దగ్గర మారెప్పకు చలేస్తుందని నంజమ్మ ఇంటినుంచి తెచ్చిన గళ్ల దుప్పటి, నాలుగు మడతల్లో, విప్పకుండా అట్లాగే ఉంది.