విమలదాస బొడిపెలు

అనురాధపురం జిల్లా పదవియ వైపు వరి రైతులకు మూత్రపిండాలు చెడిపోవడం కొత్తేమీ కాదు. అందుకే అక్కడి ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో కూడా పెద్దా చిన్నా తేడాలు వచ్చేశాయి. సూదులు గుచ్చడానికని చేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టిన ఫిస్టులా ఉన్నవాళ్లు పెద్దమనుషులు. మెడలో గొట్టంతో వచ్చేవాళ్లు నిన్నగాక మొన్న దిగిన బాపతు. కిటికీ పక్క కుర్చీ విమలదాసది. అతని ఫిస్టులా వయసు ఏడేళ్లు.

ఆ ఏడేళ్లూ సూదులు అవే రెండు చోట్ల గుచ్చించుకోవడంతో ఎడమ ముంజేతి మీద నిమ్మకాయలంత బొడిపెలు రెండు లేచాయి. వాటిని చూసి డాక్టర్లు కంగారు పడేవారు, విమలదాస మురిసిపోయేవాడు. పొడుగు చేతుల చొక్కాలన్నీ బావమరిదికి ఇచ్చేశాడు కూడా.

"మామా, ఇవాళ కొంచెం పైన గుచ్చుతాను. ఇక్కడ చర్మం ఉల్లిపొరలా అయిపోయింది," అంది నర్సు చంద్రలత.

"తెరిచున్న వాకిలి వదిలేసి గోడకి కన్నం వేస్తావా తల్లీ? ఇక్కడైతే నొప్పే తెలీదు."

"పోనీ, ఆపరేషన్ చేయించుకోండి. పెద్ద డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారు?"

"చేయించుకుంటే నాకూ మెడలో గొట్టం పెడతారు. నేనా? ఆ చివరి కుర్చీలోనా?"

అసలు భయం అదే. ప్రాణం పోతుందని కాదు, కిటికీ కుర్చీ పోతుందని.

చివరి కుర్చీ కరుణపాలది. అతని చేతిలో నెల కిందట కుట్టిన ఫిస్టులా సూదికి తట్టుకునేంతగా ఇంకా ముదరలేదు. అందాకా మెడలో గొట్టమే. ఓ శుక్రవారం విమలదాస అతన్ని పట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"లేవగానే, బుద్ధుడికి దణ్ణం పెట్టకముందే, చెయ్యి ముట్టుకుని చూసుకోవాలి. లోపల నెత్తురు గుర్రుమంటుంటే మనం బతికున్నట్టు. రక్తం చిమ్మిందనుకో, తువ్వాలు చుట్టకు. కన్నం మీద వేలు పెట్టి నొక్కు. అరవకు, కదలకు, నొక్కు. తెలిసిందా, గొట్టం తమ్ముడూ? ఏదీ, నాది పట్టుకు చూడు!"

చూపించే ముందు బొడిపెను చొక్కా అంచుతో తుడిచాడు. సూది కన్నం మీది పక్కు ఊడింది. నెత్తురు ఎదురుగోడ దాకా చిమ్మింది.

పాఠం చెప్పినవాడే పాఠం మరిచిపోయి "తువ్వాలు! తువ్వాలు!" అని గావుకేకలు పెట్టాడు. కరుణపాల అరవలేదు, కదలలేదు. కన్నం మీద వేలు పెట్టి నొక్కాడు. అంబులెన్సులో అనురాధపురం పెద్దాసుపత్రి చేరేదాకా ఆ వేలు తీయలేదు.

ప్రాణం దక్కింది. ఆపరేషన్ చేసి ఫిస్టులాను మూసి కట్టేశారు. విమలదాస మెడలో గొట్టంతో తిరిగొచ్చి, "దీనికి సూదిపోటే లేదు, రాజభోగం!" అని చెప్పుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. పొద్దున్నే చెయ్యి ముట్టుకునే అలవాటు మాత్రం పోలేదు. ముట్టుకున్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

రెండు నెలలకు కరుణపాల ఫిస్టులా ముదిరింది, కిటికీ కుర్చీ అతనిదైంది. చంద్రలత సూది తీసింది.

"మిస్, మొన్నటి చోటే గుచ్చండి. అక్కడైతే నొప్పి తెలీదు."

విమలదాస చివరి కుర్చీలోంచి లేచి వచ్చి, కుట్ల మచ్చలున్న చెయ్యి చాచాడు.

"పట్టుకో తమ్ముడూ. ఏం తెలుస్తోంది?"

కరుణపాల చాలాసేపు పట్టుకు చూశాడు. "ఏమీ లేదన్నా."

"ఏడేళ్లు గుర్రుమన్న చెయ్యి ఇది."

కరుణపాల తన చెయ్యి కొంచెం తిప్పి కొత్త చోటు చూపించాడు. "ఇక్కడ గుచ్చండి మిస్."

"నొప్పెడుతుంది," అంది చంద్రలత.

"పెట్టనీండి."