సుద్దగీత లోపలి మనిషి

...పైకప్పు ఆ కాస్త లేపినా ఇంకది పరుగెత్తే కారులా ఉండదు, రొట్టెల బండిలా ఉంటుంది. అసలు తప్పు కారుదా, ఆ డాక్టరు తలదా? షెడ్డులో చెక్కతో నిలబెట్టిన కొత్త మోడల్ నమూనా చుట్టూ ఎడ్గర్ థ్రిప్ మళ్ళీ తిరిగాడు. వెనకనుంచి చూస్తే దూకబోయే పిల్లిలా ఉంది.

పొద్దున హెరిఫర్డ్ ఊరినుంచి వచ్చిన డాక్టరు మూడో మోడల్ కొనడానికే వచ్చాడు. లోపల కూర్చోబోతే తల పైకప్పుకు తగిలి ఠంగుమంది. "అందమైన కారండీ. కానీ నా మెడ నాకు కావాలి," అని నవ్వి వెళ్ళిపోయాడు. ఈమధ్య అలా వెళ్ళినవాడు అతనొక్కడే కాదు. అక్టోబరులో లండన్ కార్ల ప్రదర్శనలో ఈ నాలుగో మోడల్‌ను ఎవరూ కొనకపోతే షెడ్డుకు తాళమే.

థ్రిప్ కార్లన్నీ ఒకే పద్ధతిలో పుట్టాయి. గోడకు ఆనించిన పెద్ద పలక పక్కన ఎడ్గర్ నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. సీట్లు కుట్టే హిల్డా అతని చుట్టూ పలకమీద సుద్దతో గీత గీస్తుంది. ఆ గీత చుట్టూ కారు పెరుగుతుంది. బడి ఫోటోలో ముందువాళ్ళ భుజాల వెనక మాయమైపోయిన పొట్టి కుర్రాడతను. మొదటి కారులో కూర్చున్న రోజు మాత్రం, లోకం తన కొలతకే కుట్టిన చొక్కాలా అనిపించింది.

"ఎన్ని చుట్లు తిరిగినా అది నీతో మాట్లాడదు మహానుభావా. టీ తాగు," అంటూ హిల్డా మగ్గు అందించింది.

"పైకప్పు పెంచమంటావా?"

"నన్నడుగుతావేం? నీ కారులో నేనెప్పుడైనా ఎక్కానా?"

"ఎక్కలేదూ?"

"ఒకసారి ఎక్కాను. గడ్డం మోకాళ్ళకు ఆనించుకుని. ఇన్నేళ్ళూ నీకు సీట్లు కుడుతూనే ఉన్నాను, ఇంటికి పోయేది మాత్రం బస్సులో."

అతనికి నవ్వు రాబోయి ఆగింది. ఆమె తనకంటే తలంత పొడుగు. ఆ సంగతి తెలియక కాదు. తెలిసే, ఆమె పక్కన నిలబడాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక పెట్టె వెతుక్కుని కూర్చునేవాడు. ఇన్నాళ్ళూ తను కారు కట్టాడా, దాక్కోవడానికి చోటు కట్టుకున్నాడా? నమూనా వైపు చూశాడు. పిల్లి వీపు కాస్త పైకి విరుచుకున్నా పిల్లే కదా. పైగా అప్పుడే ఇంకా హుషారుగా ఉంటుంది.

"హిల్డా, ఇలా వచ్చి కూర్చో."

"ఎక్కడ, ఆ నేలమీదా? నా స్కర్టు..."

"తెలుసు, కొత్తది. కూర్చో."

"మతిపోయింది నీకు," అని గొణుక్కుంటూనే ఆమె పలక పక్కన కాళ్ళు చాపింది. పలకమీది పాత గీత ఆమె చెవి దగ్గరే ఆగిపోయింది. ఎడ్గర్ జేబులోంచి సుద్దముక్క తీసి, ఆమె తలమీదుగా నెమ్మదిగా కొత్త గీత గీశాడు.