సొండి ఎంచుకున్న కాలేజీ

మా అక్క లొరెట్ కూతురు సొండి, నా కూతురు డెల్ఫీన్ నాలుగు నెలల తేడాతో పుట్టారు. అమెరికా ఆదివాసులమైన మా మోహాక్ జనంలో అక్కచెల్లెళ్ళ పిల్లలంటే సొంత అక్కచెల్లెళ్ళే. ఇద్దరూ అక్వెసాస్నే అనే మా ఊళ్ళో, నది పక్కన రెండు గుమ్మాల మధ్య పెరిగారు. ఏ పూట ఎవరింట్లో తిన్నారో మాకే గుర్తుండేది కాదు.

ఏడేళ్ళకే ఇద్దరూ లాక్రాస్ కర్రలు పట్టారు. కర్ర చివరి వలతో బంతి పట్టి విసిరే ఆట అది. మా అమ్మ ఒప్పుకోలేదు. అది సృష్టికర్త మగవాళ్ళకిచ్చిన ఆట, ఆడవాళ్ళు ఆ చెక్క కర్ర ముట్టుకోకూడదు అనేది. "ఇది చెక్క కాదు టోటా, ప్లాస్టిక్" అని సొండి అమ్మమ్మతో వాదించింది. తర్వాత వాళ్ళ మ్యాచ్‌లకు మా అమ్మ వచ్చేది కానీ కారు దిగేది కాదు. అద్దాలు మూసుకుని లోపలినుంచే చూసేది. గోల్ పడితే మాత్రం హారన్ మోగేది.

మైదానం మధ్యలో బంతి దక్కించుకునేది సొండి, గోల్ చేసేది డెల్ఫీన్. సొండి తలెత్తకుండానే విసిరేది. ఆ బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి డెల్ఫీన్ ముందే చేరుకునేది. చదువులో మాత్రం ఇద్దరికీ పొంతన లేదు. లెక్కలంటే డెల్ఫీన్‌కు కడుపునొప్పి వచ్చేది. స్కూలు బస్సులో సొండి చెప్పి చెప్పి ప్రతి ఏడూ గట్టెక్కించేది.

సొండి తండ్రి ఏంగస్ ఎత్తైన కట్టడాలకు ఇనుప దూలాలు బిగించే పని చేస్తాడు. ఆదివారం సాయంత్రం న్యూయార్క్ నగరానికి బయల్దేరి శుక్రవారం ఇంటికొస్తాడు. "ఎవడో గీసిన కాగితం చూసుకుని నేను దూలాలెక్కుతున్నా. ఆ కాగితం నా కూతురు గీయాలి" అనేవాడు. సొండికీ వంతెనలంటేనే ఇష్టం. నదిమీది వంతెన దాటినప్పుడల్లా ఏ బోల్టు ఎందుకుందో చెబుతూ మా ప్రాణం తీసేది.

పదకొండో తరగతిలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం కోచ్ మా ఊరొచ్చింది. పొడుగాటి మనిషి, మంచి మాటకారి. లొరెట్ పెట్టిన మొక్కజొన్న సూప్ రెండు గిన్నెలు తాగి, ఇద్దరు పిల్లలకూ తన జట్టులో చోటుందని చెప్పింది. డెల్ఫీన్ సంతోషం పట్టలేక బల్లకింద సొండి కాలు తొక్కింది.

"నేను సివిల్ ఇంజనీరింగ్ చదవాలనుకుంటున్నానండీ" అంది సొండి.

కోచ్ నవ్వింది. "ఆ ల్యాబ్‌లన్నీ మధ్యాహ్నాలే అమ్మా. మనం ఆడేదీ అప్పుడే. నా జట్టులో ఇంజనీర్లు లేరు. ఇంకేదైనా తీసుకో, చక్కగా ఆడుకోవచ్చు."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆవిడ నాతో మాత్రం అంది: "నాకు ఈ జంట కావాలి. మీ అమ్మాయి బాగా ఆడుతుంది, కాదనను. కానీ ఆమెకు బంతి అందించేది సొండే కదా."

ఆ మాట నేనెవరికీ చెప్పలేదు.

పన్నెండో తరగతి చలికాలంలో సొండికి ఇంకో చోటినుంచి ఉత్తరం వచ్చింది. ఐదు గంటల దూరంలో, ఇంజనీరింగ్‌కు పేరున్న చిన్న కాలేజీ. జట్టూ చిన్నదే. అక్కడి కోచ్ పొద్దున ఆరింటికే ఆట మొదలుపెడుతుందట, పిల్లలు ల్యాబ్‌లు మానక్కర్లేకుండా. డెల్ఫీన్ మార్కులకు అక్కడ సీటు రాదు.

ఒకరోజు సొండి నేను పనిచేసే బడి వంటగదికి వచ్చింది. నేను బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను. అడక్కుండానే ఒక చాకు తీసుకుని నా పక్కన కూర్చుంది.

"పిన్నీ, నన్నేం చెయ్యమంటావు?"

"మీ అమ్మ ఏమంది?"

"నీ ఇష్టం అంది. నాన్న ఏమీ అనట్లేదు. అనకుండా చంపుతున్నాడు. నేను ఆ చిన్న కాలేజీకెళ్ళిపోతే డెల్ఫీన్ పెద్దదాంట్లో ఒక్కతే ఐపోతుంది కదా?"

సొండి లేకపోతే ఆ కోచ్ డెల్ఫీన్‌ను అసలు తీసుకోనే తీసుకోదని నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు, ఈ పిల్ల చెల్లెలి కోసం వంతెనలు వదిలేస్తుంది. మారుమాట్లాడకుండా వదిలేస్తుంది. జీవితమంతా నవ్వుతూనే ఉంటుంది. అది తలుచుకుని చాకు పక్కన పెట్టాను.

"డెల్ఫీన్ సంగతి నేను చూసుకుంటా. నువ్వెళ్ళి చదువుకో" అన్నాను.

సొండి నా భుజంమీద తల పెట్టి ఏడ్చింది. ఆ సాయంత్రమే పెద్ద విశ్వవిద్యాలయం కోచ్‌కు ఫోన్ చేసి రానని చెప్పేసింది. డెల్ఫీన్‌కు మర్నాడు చెబుదామనుకుంది. కోచ్ అంతవరకూ ఆగలేదు. పొద్దున బడి మెట్లమీద ఉండగానే డెల్ఫీన్‌కు ఫోన్ వచ్చింది. పరిస్థితులు మారాయి, ఈ ఏడు చోటు లేదు, ఏమీ అనుకోవద్దు.

డెల్ఫీన్ నేరుగా వంటగదికే వచ్చింది.

"సొండి రానందట. నాకూ వద్దన్నారు. నీకు తెలుసా అమ్మా?"

"సొండి నిన్న నన్నడిగింది. వెళ్ళి చదువుకోమన్నాను."

"నన్ను వద్దంటారని తెలుసా?"

అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాను. రాలేదు.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆవిడ వచ్చిన రోజునుంచే."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "సొండికి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "ఐతే దాచింది నువ్వొక్కదానివే" అని వెళ్ళిపోయింది.

తెలిశాక సొండి మా గుమ్మంలో రెండు గంటలు నిలబడింది. "నాకు తెలీదే డెల్ఫీన్, ఒట్టు! ఇప్పుడే ఫోన్ చేసి వస్తానని చెబుతా, తలుపు తియ్యవే!" అని తలుపు బాదింది. లోపల్నుంచి ఒకటే మాట వినపడింది. "నీ జాలి నాకక్కర్లేదు. వెళ్ళు."

సొండి ఐనా ఫోన్ చేసింది. ఆ చోట్లు అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారు.

ఆ వసంతంలో ఇద్దరూ ఒకే జట్టులో ఆఖరిసారి ఆడారు. బంతి దొరికితే డెల్ఫీన్ ఎవరికైనా ఇచ్చేది, సొండికి తప్ప. సెమీఫైనల్లో, నిమిషం ఉందనగా, సొండి ఎప్పటిలాగే తలెత్తకుండా విసిరింది. డెల్ఫీన్ అక్కడ లేదు. పది అడుగుల అవతల, కర్ర దించుకుని నిలబడి ఉంది. బంతి గడ్డిలో దొర్లుకుంటూ గీత దాటింది. ఒక్క గోల్‌తో ఓడిపోయాం. జట్టంతా ఏడ్చింది. మా వాళ్ళిద్దరూ మాత్రం ఏడవలేదు.

జూన్ ఆఖర్లో డెల్ఫీన్ బట్టలు సర్దుకుని మా జనానిదే ఇంకో ఊరు కానవాకేలో, నాతో ఎప్పుడో విడిపోయిన వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ బేకరీలో పనికి కుదిరింది. మళ్ళీ కర్ర పట్టలేదు. సొండి నాలుగేళ్ళూ పొద్దున ఆరింటికి ఆడింది, మధ్యాహ్నాలు చదివింది, ఇంజనీరైంది. ఇప్పుడు పాత వంతెనల్లో పగుళ్ళు ఎక్కడున్నాయో చూసే ఉద్యోగం. ఏంగస్ ఆమె గీసిన మొదటి కాగితాన్ని పటం కట్టించి గోడకు తగిలించాడు. నేను వెళ్ళినప్పుడు దానివైపు వీపు పెట్టి కూర్చుంటాను. లొరెట్ అది గమనించింది.

నెలకోసారి నేను కానవాకే వెళ్తాను. డెల్ఫీన్ టీ ఇస్తుంది, బేకరీ కబుర్లు చెబుతుంది. ఆట మాటెత్తదు, సొండి పేరెత్తదు. మొన్న మాత్రం గిన్నెలు కడుగుతూ, ఇటు తిరగకుండానే అడిగింది.

"ఆరోజు మళ్ళీ వస్తే, సొండి మళ్ళీ అడిగితే, అదే చెబుతావా అమ్మా?"

ఎనిమిదేళ్ళుగా నాకు నేను వేసుకుంటున్న ప్రశ్నే అది. కాదని ఒక్క మాటంటే నా కూతురు నాకు తిరిగి దొరికేదేమో.

"సొండికి అదే చెబుతాను. కానీ ముందు నీ దగ్గరికొచ్చి కోచ్ అన్న మాట చెబుతాను" అన్నాను.

డెల్ఫీన్ ఆఖరి గిన్నె కడిగి బోర్లించింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"చీకటి పడకముందే బయల్దేరు. దారిలో వంతెన పని జరుగుతోందట, ఆలస్యమవుతుంది" అంది.

కారుదాకా వచ్చింది. కిటికీలోంచి చెయ్యి చాపాను. పట్టుకోలేదు. కారు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.