మిట్ట

చెంగయ్య వచ్చేసరికి నేను పాలు వడగడుతున్నాను. కర్మ అయిపోయిన మర్నాడు అది. మొగుడు పోయిన సంగతి ఆవుకు తెలియదు, పొద్దున్నే పొదుగు బిగుస్తుంది, ఎవరో ఒకరు కూర్చుని పితకాలి. నేనే కూర్చుంటున్నాను. నాకేమీ అనిపించడం లేదు. ఏడుపు రావడం లేదని ఊరంతా గమనించింది, నేనూ గమనించాను.

అతనెవరో చెప్పకముందే తెలిసిపోయింది. ఉప్పుగాలికి మొహం తోలు దేరి ఉంది. మా ఆయన ఉమాశంకర్ పనిచేసిన పడవను నడిపేది ఇతనే. చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక గడప అవతలే నిలబడ్డాడు.

"రాప్పా, కూర్సో," అంది మా అత్త సుభద్రమ్మ చాప మీద నుంచే. ఉమాశంకర్ వాళ్ల అన్న, మా బావ దొరస్వామి, ఇంకో కుర్చీ అతనికి జరిపాడు. నన్నెవరూ కూర్చోమనలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఉమాశంకర్ కావాలనే చచ్చాడని ఇంట్లో వాళ్ల అనుమానం. నా నోటి దురుసుకే చచ్చాడని. నా ముఖాన ఎవరూ అనలేదు. అనకుండా అనడం మా ఇంట్లో అందరికీ బాగా వచ్చు.

ఆ సంగతీ చెప్తాను. పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు బాగుచేసుకునే మనిషిని, తీరాన పడవలున్న ఒకాయన ఇంజన్లు చూసుకోమని పిలిచాడు. మా అత్త ఏమీ భయపడలేదు. "సెరువు తెగిన నాడే సావలేదు వాడు, నా మాట ఇని బతికినాడు. సముద్రం ఏం జేస్తాది?" అని పంపించింది. బోరులో అరంగుళం నీళ్లు పడితే కొబ్బరికాయ కొట్టే ఊరివాడికి అన్ని నీళ్లు ఒక్కచోట కనబడేసరికి మతి పోయింది. రోజూ ఫోన్. గాలి లేకపోయినా ఒకచోట తెల్లగా నురగ లేస్తుంటే ఆ దిక్కు పోకూడదట. వల బెండ్లు తేలుతుంటే చుట్టూ తిరిగి పోవాలట, లేకుంటే తాడు ఇంజను కింది ఫ్యానుకు చుట్టుకుంటుందట. పక్షులు మేస్తుంటే వాటిని లేపకుండా పడవను దూరంగా తిప్పాలట. ప్లాస్టిక్ కవరు నీళ్లలో పడేస్తే తాబేలు తిండి అనుకుని మింగి చస్తుందట. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే నెలల్లో ఇంజను బాగా తగ్గించి, ఒక మనిషి ముందు కూర్చుని నీళ్లు చూస్తూనే ఉండాలట. నేను పేడ ఎత్తుతూ ఊఁ కొట్టేదాన్ని.

ఒక రోజు ఆవు మేత ముట్టలేదు. పశువుల డాక్టరు రాలేదు. ఫోన్లో ఉమాశంకర్‌ను ఎప్పుడొస్తావని అడిగితే, తాబేళ్ల నెలలు అయిపోనీ, వస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"తాబేళ్ల మీద ఉండే అక్కర పెండ్లాం మీద లేదు నీకు. ఆడనే ఉండు. రాబాకు," అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా పోతుంది, మా అత్త వినకుండా ఎలా ఉంటుంది? అతను ఎప్పటిలా నవ్వలేదు. సరే అని పెట్టేశాడు. మర్నాడే పడవ తిరగబడి పోయాడు. అట్లాంటప్పుడు ఎవరు మాత్రం ఏమనుకుంటారు?

చెంగయ్య మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, దాని వైపే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఇంజను బాగుచేసినాక ఎట్ట నడస్తదో చూద్దామని ఇద్దరమే పోయినాం. తిరిగొచ్చేటప్పుడు, ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ, తెగిన వల ముక్కలో చిక్కుకోని తాబేలొకటి కొట్టుకుంటా ఉండాది. చుక్కాని ఆయన చేతికిచ్చి నేను ముందుకు పోయి వల కోస్తా ఉండా."

"వానికి పడవ తోలను వస్తాదా?" అన్నాడు మా బావ.

"బాగా వస్తదన్నా. నేనే నేర్పినా. వల కోసి తలెత్తేసరికి పడవ పోకూడని పక్కకు కొట్టుకోని పోయుండాది. గొంతు చించుకోని అరిచినా. చెయ్యి చూపించి మరీ అరిచినా. ఆయన నా దిక్కు చూసినాడు. తల ఊపినాడు." గ్లాసు పక్కకు జరిపాడు. "ఊపి, నేరుగా ఆ పోకూడని పక్కకే తిప్పినాడు. అల లేచి పడవను బోర్లా కొట్టింది. లైఫ్ జాకెట్ ఏసుకోనే ఉండాడు పాపం, పడవ అంచు తలకు తగిలింది."

చెంగయ్య తలెత్తి మా అత్త వైపు చూశాడు.

"వినపడక పోయినాడంటే నా మనసు ఇంత కొట్టుకోదమ్మా. వినపడే తిప్పినాడు. ముందు రోజు నించి మాటా పలుకూ లేకుండా ఉండాడు. ఆయనకేమన్నా కష్టముండిందా?"

మా బావ నా వైపు చూశాడు. మా అత్త చూడలేదు. పాలగుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది. గట్టిగా పిండాను. చుక్కలు నేల మీద పడ్డాయి. నిజంగా కావాలనే పోయి ఉంటే, ఇక ఈ ఇంట్లో నేను తల ఎత్తే పని లేదు. అయినా నాకు భయం కూడా వేయలేదు. అతని చెవిన పడ్డ చివరి మాట ఏమిటో తెలుసుకోవాలనిపించింది, అంతే.

"ఏమని అరిస్తివప్పా?" అన్నాను.

"ఏమనేదేందమ్మా? మిట్ట, మిట్ట అని. ఇసుక మిట్ట. మొగ కాడ నీళ్ల కింద ఉంటది, దాని మీదనే అల విరగతది. పడవలకు అదే యముడు. మా కాడ పసిపిల్లోళ్లు గూడా మిట్టంటే పక్కకు తిప్పుతారు."

మా బావ కుర్చీలోంచి సగం లేచాడు. మా అత్త చాప అంచు పట్టుకుంది.

"మిట్టకు పోరా అంటి," అంది. చెంగయ్యతో కాదు, ఎవరితోనూ కాదు. "సెరువు తెగిన పొద్దు. నేను ఈ గట్టున, వాడు ఆ సేన్లో. సెయ్యి సూపించి అరిస్తి, మిట్టకు పోరా శంకరా, మిట్టకు పోరా అని. వాడు నా దిక్కు సూసినాడు. తల ఊపినాడు. ఊపి, మిట్టెక్కినాడు."

చెంగయ్యకు అర్థం కాలేదు. మా బావ నెమ్మదిగా చెప్పాడు. "మా కాడ మిట్టంటే ఎత్తుండే నేలప్పా. నీళ్లొస్తే బతికేదానికి ఎక్కే తావు."

చెంగయ్య కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అతన్ని ఓదార్చాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఉమాశంకర్ చావాలని తిప్పలేదు. బతకాలనే తిప్పాడు. నాకు కావలసింది ఇదే. ఇది తెలిస్తే గుండెల మీది బరువు దిగుతుందనుకున్నాను. దిగుతుందేమోనని చూశాను. గోడ గోడలాగే ఉంది, పాలు పాలలాగే ఉన్నాయి.

"ఆ తాబేలు?" అన్నాను.

"వల తెగిందమ్మా. పోయింది."

"మంచిది."

మా అత్త అప్పుడు నా వైపు చూసింది, ఇన్నాళ్లలో మొదటిసారి. చాప మీద పక్కకు జరిగింది.

"ఈడ కూర్సోమ్మా," అంది. "వాడు కావాలని సేయలేదమ్మా. సెప్పిన మాట ఇనేవాడు, అంతే."

పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అవును, వినేవాడు. ఆడనే ఉండు, రాబాకు అని నేను చెప్పిందీ విన్నాడు.