సూర్యకళ పేరు మీద

మండపేటలో నాగేశ్వరప్రసాద్ గారి రైసుమిల్లులో సూర్యకళ పద్దులు రాయడానికి చేరేనాటికి ఆ ఆఫీసులో కంప్యూటరు లేదు. ముసలి గుమస్తా అబ్బులుగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని చిట్టా రాయడం నేర్పారు. అంకె కొట్టేస్తే పక్కన సంతకం పెట్టించేవారు.

"రాసిన చెయ్యి ఎవరిదో తెలియాలమ్మా. ఎవరైనా అడిగితే ఆ చెయ్యే జవాబు చెప్పాలి. లెక్కంటే అదే" అనేవారు.

ఆయన పోయాక పుస్తకాలు అటకెక్కాయి. కంప్యూటరొచ్చింది, జీఎస్టీ వచ్చింది, బిల్లులన్నీ ఆన్‌లైనయ్యాయి. సూర్యకళ ప్రతిదీ పట్టుబట్టి నేర్చుకుంది. ప్రసాద్ గారు ఆమెని "చెల్లెమ్మా" అనేవారు. ఆమె భర్త పోయిన ఏడు పాప కాలేజీ ఫీజు ఆయనే కట్టారు. ఆయన భార్య రమాదేవి కొత్తావకాయ కలిపితే మొదటి గిన్నె సూర్యకళ ఇంటికే వచ్చేది.

"నువ్వు రాని రోజున బిల్లుల్లేక లారీలు ఆగిపోతున్నాయి చెల్లెమ్మా, నీ పాస్‌వర్డ్ చెప్పు" అని ఆయన అడిగితే, ఆమె మరో ఆలోచన లేకుండా చెప్పేసింది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం జీఎస్టీ అధికారులు మిల్లుకొచ్చారు. సరుకు గుమ్మం దాటకుండానే తుని వ్యాపారులకు పంపినట్టు దొంగ బిల్లులు పుట్టాయట. అన్నీ సూర్యకళ పాస్‌వర్డ్‌తో, ఆమె పేరు మీదే.

"ఇవి నేను చేసినవి కావండి. అన్నయ్యగారే చెబుతారు" అంటూ ఆమె ధీమాగా ప్రసాద్ గారి వైపు తిరిగింది.

ఆయన ఆమె వైపు చూడలేదు. "నాకు ధాన్యం సంగతి తప్ప ఏం తెలీదండి. లెక్కలన్నీ ఆవిడే. నమ్మి వదిలేశాం. ఇలా చేస్తుందనుకోలేదండి" అన్నారు.

ఆవిడంటే ఎవరో సూర్యకళకి ఒక క్షణం అర్థం కాలేదు.

కబురందుకుని వచ్చిన రమాదేవి ఆమెని పక్క గదిలోకి పిలిచింది. "ఒప్పేసుకో కళా. జరిమానా మేం కడతాం, లాయర్ని పెడతాం. అన్నయ్య పరువు పోతే ఊళ్లో తలెత్తుకోగలమా?"

"అంటే మీకూ తెలుసా వదినగారూ?"

రమాదేవి పమిట సర్దుకుంది. "పాప ఫీజు అప్పుడే మర్చిపోయావా?" అంది.

సూర్యకళకి ఏడుపు రాలేదు. తిరిగి వచ్చి అధికారి ముందు కూర్చుంది.

"చేతిరాతయితే పోల్చి చూసేవాళ్లమమ్మా. ఇక్కడ పేరొక్కటే కనబడుతుంది. పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే అదీ మీ తప్పే" అన్నాడాయన.

"ఔనండి. ఆ తప్పుకి సంతకం పెడతాను. బిల్లులకి పెట్టను."

ఆ మాటే కాగితం మీద రాసిచ్చింది. రాస్తున్నంతసేపూ ప్రసాద్ గారు కిటికీలోంచి లారీల కేసి చూస్తూ నిలబడ్డారు.

ఆ బిల్లులు ఆయన ఇంటి కంప్యూటరులోంచి పుట్టాయని తేలేసరికి మళ్లీ వర్షాకాలం వచ్చింది. ఈలోగా మండపేటలో ఏ మిల్లూ సూర్యకళకి పని ఇవ్వలేదు. రాజమండ్రిలో ఒక బట్టల దుకాణంలో కుదిరి, రోజూ బస్సులో వెళ్లొస్తోంది.

కేసులోంచి ఆమె పేరు తీసేసిన రోజున కూతురు లక్ష్మీప్రసన్న పూతరేకులు తెచ్చింది. "ఇంకా మొహం అలా పెట్టావేంటమ్మా? గెలిచాం కదా!" అంది.

సూర్యకళ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"ఇన్నేళ్లూ ఏ మంచి జరిగినా ముందు అన్నయ్యగారింటికే ఫోన్ చేసేదాన్నే" అంది. "ఇప్పుడెవరికి చెయ్యాలో తెలీడం లేదు."