కర్రీ పాయింట్‌లో మిగిలింది

పంజాగుట్ట ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే చిలకమ్మ అందుకుంది. "ఇన్నవుగా కొడుకా? తల్లి తిన్న తిండేనట! తొమ్మిదేండ్ల పిల్ల లివరుకు కొవ్వు పట్టుడంటే ఊకెనే అయితదా?"

అనుదీప్ తన భార్య సుష్మిత వంక చూడకుండానే బైకు తీశాడు. "కడుపుతోని ఉన్నప్పుడు అడ్డమైనయన్నీ తిన్నది. ఇప్పుడు దవాఖానల చుట్టూ మనం తిరగాలె."

సుష్మిత, కూతురు రవళి చెయ్యి పట్టుకుని అత్త చిలకమ్మ వెనకాలే ఆటో ఎక్కింది. డాక్టరమ్మ చెప్పింది అదొక్కటేనా? కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిండి, ఒంట్లో చక్కెర, హార్మోన్ల తేడాలు బిడ్డ కాలేయం మీద పడొచ్చంది. పుట్టాక పిల్ల తినేదీ, తండ్రి వైపు ఒంటి తీరూ కూడా చూడాలి, ఒక్క తల్లినే అనొద్దంది. ఆ రెండో మాటకు తల్లీకొడుకుల చెవులు మూసుకుపోయాయి.

అడ్డమైనవట! అమీర్‌పేటలో వీళ్లది కర్రీ పాయింట్. హాస్టల్ పిల్లలు కొనగా మిగిలినవి ఇంటికొచ్చేవి. కాచిన నూనెనే మళ్లీ కాచి చేసిన ఆలుగడ్డ వేపుడు, అడుగంటిన పప్పు. అందరికీ వేడి కూర, కోడలికి ఆ గిన్నెలు. "పారేస్తే పాపం బిడ్డా, నువ్వు ఇద్దరి తిండి తినాలె" అని చిలకమ్మ దగ్గరుండి వడ్డించేది. ఏడో నెలలో చక్కెర బయటపడింది. వేళకింత రొట్టె, ఆకుకూర తినమన్నారని చెబితే, "దొరసానికి యేరే పొయ్యి కావాల్నట" అని మొగుడు నవ్వాడు. ఆ నవ్వును వేపుడుతో పాటే మింగింది. పొద్దంతా ఆ పాయింటుకే ఉల్లిగడ్డలు కోసి, అక్కడ ఎవరూ కొననిది తిన్నది. ఇప్పుడు తప్పంతా ఆమె నోటిది!

ఇప్పుడామెకు మళ్లీ మూడో నెల.

మధ్యాహ్నం బేరం ముగిశాక అనుదీప్ మిగిలిన కూరలు తెచ్చాడు. చిలకమ్మ అలవాటుగా వాటిని కోడలి వైపు జరిపింది. సుష్మిత ముట్టలేదు. జొన్నరొట్టెలు చేసి, తోటకూర వండి, తనకూ రవళికీ పెట్టుకుని కూర్చుంది.

"మొగోడు తినకముందేనా!" చిలకమ్మ ముక్కున వేలేసుకుంది.

"మరి ఈ కూరలేం గావాలె?" అనుదీప్ గొంతు పెంచాడు.

సుష్మిత తలెత్తలేదు. కూతురికి రొట్టె తుంచి పెట్టింది.

"అత్తమ్మా, అవి మీ కొడుక్కే పెట్టుండ్రి. రేపు ఆయన లివరుకేమన్న అయితే, ఆయన తల్లినే గదా అడిగేది."